నల్లదారం, ఎర్రదారం

ఎలక్షన్లయ్యాక తుపాకి పోలీస్ స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన రోజునే మా ఇంట్లో డబ్బా గొడవ మొదలైంది.

అత్తయ్యకి నువ్వులు పోసుకోవడానికి గట్టి మూత ఉన్న డబ్బా కావాలి. అలాంటివి ఇంట్లో రెండే ఉన్నాయి. రెండూ మామయ్యవి. ఒకే రకం పాలపొడి డబ్బాలు, ఒకే ఎత్తు, ఒకే పసుపు రంగు. వసారా పక్కగదిలో చెక్కబీరువా పై అరలో పక్కపక్కనే ఉండేవి. తుపాకి లోపల పెట్టడానికి మామయ్య బీరువా తెరిచేసరికి అత్తయ్య కళ్ళు వాటి మీద పడ్డాయి.

"రెంటిలోనూ సగం సగమేగా ఉంది. ఒకదాంట్లోకి వంచితే రెండోది నాకొస్తుంది" అంది.

"వాటి జోలికి రాబాక."

"ఏం, బంగారమా? చూస్తే రెండూ ఒకటే బూడిద."

"బూడిద కాదే, మందు. రెండూ ఒకటి కాదు."

"ఒకటి కాకపోతే ఒకేలా ఎందుకుంటాయి? నా పోపులపెట్టెలో ఆవాలు ఆవాల్లా ఉంటాయి, మెంతులు మెంతుల్లా ఉంటాయి. నీ బీరువాలోనే ఉంది మాయంతా."

మామయ్య బీరువాకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, "అమ్మాయ్, మీ అత్తకి నా డబ్బాలు తప్ప ఇంకేదైనా చూపించు" అని గొడవ నా మీదికి తోసి బయటికి వెళ్ళిపోయారు. నేను గాజుసీసా ఒకటి తెచ్చాను. గాజుసీసాలో నువ్వులు చెమ్మగిల్లుతాయని అత్తయ్య ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ బూడిదరంగు పొడి తుపాకి మందు. మాది పడమటి కొండలకి దగ్గరగా ఉన్న ఊరు. పంటని అడవిపందుల నుంచి కాచుకోవడానికని మామయ్య తండ్రి హయాంలోనే లైసెన్సు మీద తుపాకి వచ్చింది. కాల్చిన తూటాల గొట్టాలు పారేయకుండా దాచి, వాటిలో మళ్ళీ మందూ సీసపు రవ్వలూ నింపి మూతేసేవారు. దాన్ని మా ఇంట్లో తూటాలు కట్టడం అనేవాళ్ళు. ఒక డబ్బాలోది పాత మందు. మామయ్య స్నేహితుడు మాబు సాహెబ్ ఎప్పుడో మద్రాసు వెళ్ళినప్పుడు తెచ్చింది. రెండోదాంట్లోది గుంటూరులో కొన్న కొత్త మందు. చూపుకి రెండూ ఒకటే. బలం మాత్రం ఒకటి కాదు. కొత్తది బాగా ఘాటు. అందుకే పాతదానికి పొడుగు కొలత, కొత్తదానికి పొట్టి కొలత. పొట్టి కొలతతో పోయాల్సింది పొడుగు కొలతతో పోస్తే తుపాకి పందివైపు కాదు, పట్టుకున్నవాడివైపు పేలుతుందని మామయ్య అనేవారు. గుర్తుకోసం పాత డబ్బా మెడకి నల్లదారం, కొత్త డబ్బా మెడకి ఎర్రదారం కట్టి ఉండేవి.

దారాలు ఊడిపోతే ఎలా, పేర్లు రాసి అంటించొచ్చుగా అని కాపరానికొచ్చిన కొత్తలో అడిగాను. "మాబుకి తెలుగు చదవడం రాదు. నాకు ఉర్దూ రాదు. దారమైతే ఇద్దరికీ వచ్చు" అన్నారు మామయ్య.

మాబు సాహెబ్‌కి అద్దంకి బజార్లో చిన్న కొట్టు ఉండేది. తాళాలు, కిరసనాయిలు స్టౌలు, ఎవరైనా తెస్తే తుపాకులు బాగుచేసేవారు. పొలం పనులు మొదలయ్యే ముందు ఏదో ఒక మధ్యాహ్నం సైకిలు మీద మా ఇంటికొచ్చేవారు. భోజనాలయ్యాక ఇద్దరూ వసారాలో చాప వేసుకుని ఎదురెదురుగా కూర్చునేవారు. బీడీలూ అగ్గిపెట్టే అత్తయ్య దగ్గరికి చేరాల్సిందే. మా పాపని నేను వెనకింట్లోకి తీసుకెళ్ళాల్సిందే. మామయ్య పోసేవారు, మాబు సాహెబ్ చూసేవారు. ఒక డబ్బా తెరిస్తే రెండోది మాబు సాహెబ్ వీపు వెనకే ఉండాలి. ముందుకి రాకూడదు.

"ఏది?" అనేవారు మామయ్య.

"పాతది."

"కొలత?"

"పొడుగు."

పళ్ళెంలో మందు మిగిలితే తిరిగి డబ్బాలో పోసే ముందు, "ఎందులోకి?"

"నల్లదారం."

డబ్బా ఎదురుగానే ఉంది. దారం కనబడుతూనే ఉంది. అయినా అడిగేవారు. జవాబు వచ్చేదాకా మామయ్య చెయ్యి కదిలేది కాదు. ఆలస్యమైతే, "ఏరా మాబూ, కునుకు తీస్తున్నావా?" "లేదురా ఆంజనేలూ, నీ చెయ్యి వణుకుతుంటే ముచ్చటగా ఉందని చూస్తున్నా." ఊరంతా సీతారామాంజనేయులు గారు అని పిలిచే మనిషిని అలా పిలవగలిగింది ఆయనొక్కరే. అత్తయ్య దొడ్లోంచి కేకేసేది, "అయిందా మీ అష్టాచెమ్మా?" అని.

ఆ ఏడు శ్రావణంలో మాబు సాహెబ్ పోయారు. కొట్టు తెరుస్తూ మెట్టు మీద కూర్చున్నవారు మళ్ళీ లేవలేదట. అప్పటికే ఎలక్షన్లు ప్రకటించి, లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టించారు. తుపాకీ లేదు, మనిషీ లేడు. మామయ్య ఆ నెలలన్నీ వసారాలో కూర్చుని రోడ్డు మీద సైకిలు బెల్లు వినబడినప్పుడల్లా తల తిప్పేవారు.

పత్తి రెండేళ్ళు వరసగా పురుగుపాలయ్యాక ఆ ఏడు మావాళ్ళు మిరప తగ్గించకుండా, పత్తి మొత్తం మానేసి ఆ చేనంతా మొక్కజొన్న వేశారు. కంకి పాలుపోసుకునే వేళకి పందులు దిగాయి. ఒక్క రాత్రిలో చేను ఒక పక్కంతా పడుకోబెట్టినట్టు పడుకుంది. తినేది గుప్పెడు, తొక్కేది బండెడు. మా ఆయన ప్రేమ్‌చంద్ చేలో మంచె కట్టించి రాత్రిళ్ళు కాపలా వెళ్ళడం మొదలుపెట్టారు. పందుల్ని కొట్టడానికి కాదు, గాల్లోకి కాల్చి బెదరగొట్టడానికి.

"కట్టిన తూటాలేమన్నా ఉన్నాయా నాన్నా?" అని అడిగారు.

"కొన్ని ఉన్నాయి. ఇంకొన్ని కడతాలే" అన్నారు మామయ్య.

ఆ మధ్యాహ్నం నేను గడప మీద చేటలో కందిపప్పు బాగుచేస్తున్నాను. మామయ్య చాప వేసుకున్నారు. బీడీలూ అగ్గిపెట్టే తనే తీసుకెళ్ళి వంటింటి గూట్లో పెట్టివచ్చారు. నల్లదారం డబ్బా ముందు పెట్టుకుని మూత తీశారు. ఇత్తడి పళ్ళెం సర్దుకున్నారు. ఎదురుగా చాప ఖాళీగా ఉంది.

"ఏది?" అన్నారు.

అలవాటుగా వచ్చేసిన మాట. కొలత పట్టుకున్న చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. ఆ చెయ్యి ఎంతకీ కదలలేదు. దొడ్లో కోడి ఒకటి అరుస్తోంది.

"పాతది" అన్నాను నేను, గడప మీంచే.

ఆయన తల ఎత్తలేదు. "కొలత?" అన్నారు.

"పొడుగు, మామయ్యా."

చెయ్యి కదిలింది. ఆ రోజు చివరిదాకా ఆయన అడిగారు, నేను చెప్పాను. మిగిలింది డబ్బాలో పోసి మూత బిగించాక అన్నారు, "గడప మీద కూర్చుంటే నీకు డబ్బా సరిగ్గా కనబడదు. రేపు ఆ చేట తెచ్చుకుని ఇక్కడ కూర్చో."

మర్నాడు చాప మీదికి వెళ్ళాను. మాబు సాహెబ్ కూర్చునే చోటు స్తంభానికి ఆనుకుని ఉంటుంది. అక్కడ కాకుండా కొంచెం ఇవతలగా కూర్చున్నాను. మామయ్య ఎర్రదారం డబ్బా తీసి నా వీపు వెనక పెట్టారు. చీర కొంగు మీద చల్లగా తగిలింది.

గుంటూరులో నేను బీయస్సీ చదివేటప్పుడు కెమిస్ట్రీ లాబ్‌లో శివపార్వతి అని నా జోడీ ఉండేది. తను బ్యూరెట్ దగ్గర వంగి చుక్కలు వదిలేది. "ఎంత?" అనేది. నేను కళ్ళు గీత ఎత్తుకి తెచ్చి చదివేదాన్ని. నేను చెప్పేదాకా తన వేళ్ళు కదిలేవి కావు. పెళ్ళయి వచ్చాక ఈ ఇంట్లో నన్ను అడిగే ప్రశ్నలకి కరువు లేదు. కూరేంటి, పాలొచ్చాయా, పాప తిన్నదా. అడిగినవాళ్ళు జవాబు వినేలోపే ఇంకో గదిలోకి వెళ్ళిపోయేవారు. నా జవాబు కోసం ఒక చెయ్యి గాల్లో ఆగడం మళ్ళీ ఆ చాప మీదే చూశాను.

కట్టింది కొన్ని మధ్యాహ్నాలే. తూటాలు ఎన్నో అక్కర్లేదు కూడా. మామయ్యే పనిని సాగదీసేవారు. మధ్యమధ్యలో ఆపి మాబు సాహెబ్ కబుర్లు చెప్పేవారు. ఇద్దరూ కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు పందికోసం గుండ్లకమ్మ ఒడ్డున రాత్రంతా కూర్చుని, తెల్లారి చూస్తే అవతల గట్టున ఉన్నది ఎవరిదో దున్నపోతని తేలిందట. కాల్చకుండా ఆపింది మాబు సాహెబేనట. "వాడు అన్నిటికీ అడ్డం వచ్చేవాడమ్మాయ్. 'ఆగరా, ఇంకోసారి చూడు' అనేవాడు. ఇంకోసారి చూసేసరికి నా ముచ్చట తీరిపోయేది." నవ్వేవారు. నవ్వు అయిపోయాక కొలత చేతిలో తిప్పుకుంటూ కూర్చునేవారు. ఆ కొలతలు రెండూ మాబు సాహెబ్ ఇత్తడి గొట్టాలు కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి చేసినవి.

ఇప్పటికీ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగితే నేను పని లేకపోయినా ఆ గడప దగ్గరికి వెళ్ళి నిలబడతాను. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ వసారాకి గ్రిల్ పెట్టించాం, టైల్స్ వేయించాం. చాప వేసే చోటు మాత్రం నాకు కనబడుతూనే ఉంటుంది.

మేము తూటాలు కడుతున్న ఆ వారంలోనే ఒక పొద్దున మా ఆయన పాలవేళకి చేలోంచి వచ్చారు. చొక్కా విప్పబోతే కుడిచెయ్యి లేవలేదు. నేను విప్పాను. భుజం వంకాయరంగులో కమిలిపోయి ఉంది.

"తన్నింది" అన్నారు. "మొదటి రెండూ బాగానే పేలాయి. మూడోది గాడిద తన్నినట్టు తన్నింది. చెవులింకా గింగురుమంటున్నాయి."

మామయ్య అరుగు మీంచి లేచివచ్చారు. "భుజానికి గట్టిగా ఆనించి ఉండవు."

"నేను తుపాకి ఇవాళ కొత్తగా పట్టుకున్నానా నాన్నా?"

"మరెందుకు తంతుంది?"

"అది నువ్వు చెప్పాలి. గొట్టం ఊడి రాలేదు. పుల్లపెట్టి పొడిచి పీకాను." ఎడంచేత్తో జేబులోంచి మూడు గొట్టాలు తీసి అరుగు మీద పెట్టారు.

రెండు మామూలుగా ఉన్నాయి. మూడోదాని ఇత్తడి అడుగు ఉబ్బింది. పక్కన సన్నగా చీలిక. మామయ్య దాన్ని చాలాసేపు తిప్పితిప్పి చూశారు. "గొట్టం పాతబడింది. ఎన్నిసార్లు కట్టామో" అన్నారు. అని, దాన్ని మిగతా రెంటితో పెట్టకుండా పంచె రొంటిన దోపుకున్నారు.

నేను వేడినీళ్ళ కాపడం పెడుతుంటే మా ఆయన అన్నారు, "రాత్రికి ఇంకో నాలుగు తీసుకెళ్తా."

"ఇవాళ్టికి వద్దండి."

"పందులకి నువ్వు చెప్పొస్తావా?"

"చెయ్యే లేవట్లేదు మీకు."

"ఎడమ భుజం ఉందిగా" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయారు. కాపడం గుడ్డ కింద ఆ భుజం కాలిపోతోంది. అది భుజానికి తగిలింది. కళ్ళు ఆ భుజానికి జానెడు దూరం కూడా లేవు. నేను అంతకుమించి ఆలోచించలేకపోయాను.

మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక మామయ్య దగ్గరికి వెళ్ళాను. రొంటిలోంచి గొట్టం తీసి మళ్ళీ చూస్తున్నారు.

"ఒకసారి నల్లదారం డబ్బా తీస్తారా మామయ్యా?"

"ఎందుకు?"

"చూద్దామని."

ఎందుకని రెండోసారి అడగలేదు. తాళం తీసి డబ్బా తెచ్చారు. ఇత్తడి పళ్ళెంలో ఒక చిటికెడు ఆయనచేత పోయించి, వసారా అంచున ఎండ పడే చోట పెట్టి, చీపురుపుల్లతో పలచగా పరిచాను. కందిపప్పులో కల్తీకి లంకపప్పు కలిపితే గుప్పిట్లో పట్టుకున్నా తెలియదు. రంగొకటే. పళ్ళెంలో ఒక్క పొరగా పరిచి వెలుగులో పెడితే అప్పుడు అంచులు కనబడతాయి. ఆ పొడిలో రెండు రకాల పలుకులున్నాయి. ఎక్కువ భాగం మసకగా, చితికినట్టున్న అంచులతో ఉన్నవి. వాటి మధ్య అక్కడక్కడ గుండ్రంగా, కొంచెం మెరుస్తున్నవి. ఒకచోట పలచగా, ఒకచోట గుంపుగా.

"ఎర్రదారంది కూడా ఒక చిటికెడు, వేరే పళ్ళెంలో."

తెచ్చారు. అందులో ఉన్నవన్నీ గుండ్రంగా మెరిసేవే.

"ఇవి అందులో ఉన్నాయి మామయ్యా" అన్నాను.

కళ్ళజోడు తీసి చూశారు. తుడిచి పెట్టుకుని చూశారు. కొత్త మందు పాత డబ్బాలోకి వచ్చింది. దాన్ని మేము పొడుగు కొలతతో పోస్తూ వచ్చాం. మసకవి పడ్డ తూటా మామూలుగా పేలింది. మెరిసేవి గుంపుగా పడ్డది మా ఆయన భుజం మీద పేలింది. నేను పాతది అన్నది నల్లదారం చూసే. దారం మారలేదు, లోపల ఉన్నది మారింది.

మామయ్య ఒక్కసారిగా లేచారు. "రాజ్యం!"

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నా డబ్బాలు కలిపావా?"

"నేనా?"

"ఒకదాంట్లోకి వంచమన్నది నువ్వేగా!"

"అన్నాను. అంటే?" అత్తయ్య గొంతు లేచింది. "ఆ బీరువా తాళం ఎక్కడుంటుంది? నీ మొలకేగా! నేనేమన్నా నువ్వు నిద్రపోతుంటే నీ మొలతాడు తెంపానా? అయినా రెండూ ఒకదాంట్లో పోస్తే రెండోది ఖాళీ అవ్వాలిగా. ఏదీ ఖాళీ డబ్బా? ఏదీ నా చేతికిచ్చిన డబ్బా? నువ్వులు ఇంకా సంచిలోనే పడి ఉన్నాయి, వెళ్ళి చూసుకో!"

 అత్తయ్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మామయ్య మొలకి చెయ్యి పెట్టి తాళంచెవి తడుముకున్నారు. అది అక్కడే ఉంది. మెల్లగా చాప మీద కూర్చున్నారు.

"మాబు నలభయ్యో రోజున వాళ్ళింటికి వెళ్ళానుగా" అన్నారు, ఎవరికి చెబుతున్నారో తెలియనట్టు పళ్ళెం వైపు చూస్తూ. "ఫాతెహా చదవడం అయ్యాక వాడి భార్య ఖాజాబీ ఈ కొలతలు రుమాల్లో కట్టి ఇచ్చింది. ఆఖరుసారి వాడు అంచులు సరిచేస్తానని కొట్టుకి తీసుకెళ్ళాడులే. 'ఇవి మీ దగ్గరుంటేనే బాగుంటుందన్నా' అంది. ఇంటికొచ్చా. మీరెవరూ లేరు, గుడికెళ్ళినట్టున్నారు. తుపాకి స్టేషన్లో ఉంది. తూటాలతో పనే లేదు. ఊరికే కూర్చున్నా. రెండు డబ్బాలూ తీశా. వెనక పెట్టుకునేవాడు లేడుగా, రెండూ ముందే ఉన్నాయి. కొత్తదానితో రెండు కట్టా, పాతదానితో ఇంకో రెండు కడదామని అదీ తెరిచా. పళ్ళెంలో కొత్తది మిగిలి ఉంది. ఎందులోకి అని అడిగా."

పళ్ళెం అంచు వేలితో తుడిచారు.

"జవాబు రాలేదు. వచ్చిందనుకుని పోశా."

అత్తయ్య  లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి చాప పక్కన పెట్టింది.

ఆయన నీళ్ళు తాగలేదు. చీపురుపుల్ల తీసుకుని మసకగా ఉన్న పలుకు ఒకదాన్ని పక్కకి జరిపారు. ఇంకోటి జరిపారు. అప్పుడు నన్నడిగారు, "అమ్మాయ్, ఏరగలవా?"

పప్పులో రాళ్ళు ఏరగలవా అన్నంత మామూలుగా అడిగారు. మద్రాసు నుంచి తెచ్చిన ఆ డబ్బాలో ఇంకా సగం ఉంది. అది అయిపోతే అలాంటిది ఇక దొరకదు. దొరికినా తెచ్చేది మాబు సాహెబ్ కాదు. నాకు ఏరతానని చెప్పాలనిపించింది. ఎన్ని మధ్యాహ్నాలైనా ఆ ఎండ అంచున కూర్చుని ఒక్కొక్క పలుకూ ఏరేదాన్నే. కానీ ఏరినదాంట్లో ఒక్క పలుకు మిగల్లేదని ఎవరు చెప్పాలి? ఎవరి భుజం మీద చూసుకోవాలి?

"ఏరలేం మామయ్యా" అన్నాను.

"అంతేలే" అని పుల్ల కింద పెట్టారు.

ఆ రాత్రి మా ఆయన టార్చిలైటూ కర్రా పట్టుకుని చేలోకి వెళ్ళారు. అరిచీ అరిచీ పొద్దునకి గొంతు పోయి వచ్చారు. ఇంకో మూల చేను పడుకుంది.

నేను వంట చేస్తున్నంతసేపూ మనసులో ఒక లెక్క వేసుకుంటున్నాను. రెండు డబ్బాలూ పారబోస్తారు. గుంటూరు వెళ్ళి కొత్త మందు, ఒక్క రకమే, ఒక్క డబ్బా తెస్తారు. ఒక్కటే అయితే ఇక కలవడానికేముంది? మధ్యాహ్నాలు మళ్ళీ మొదలవుతాయి. నా వీపు వెనక డబ్బా ఉండదు. ఉండకపోతే ఏం, ఆయన అడుగుతారు, నేను చెబుతాను.

ఆ మధ్యాహ్నం దోసకాయ పప్పు, చిక్కుడుకాయ వేపుడు. మామయ్య, మా ఆయన పక్కపక్కన పీటల మీద కూర్చున్నారు. అత్తయ్య పాపకి కలిపిపెడుతోంది. నేను వడ్డిస్తున్నాను. మామయ్య పప్పన్నం ముగించారు.

"సాయంత్రం ఆ మందు నీళ్ళలో నానేస్తా. రెండు డబ్బాలదీ" అన్నారు అప్పుడు. "కట్టిన తూటాలూ, తుపాకీ రేపు స్టేషన్లో అప్పజెప్పి వస్తా. మళ్ళీ తెచ్చుకునేది లేదు. ఈ ఇంట్లో ఇక తూటాలు కట్టేది లేదు."

మా ఆయన ముద్ద ఆపారు. "తుపాకెందుకు నాన్నా? ఫ్యాక్టరీ తూటాలు కొనుక్కుందాం. పందులు చేనంతా మేసేస్తుంటే—"

"మేయనీ. చెయ్యెత్తి ఆ పచ్చడి అందుకో, చూద్దాం."

మా ఆయన చెయ్యి ఎత్తలేదు.

"ఇంట్లో తుపాకుంటే నా చేతులు ఊరుకోవురా. కొన్న గొట్టాలు దాస్తా. దాచినవి కడతా. నాకు తెలుసు."

నేను పప్పు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "ఒక్క రకమే తెచ్చుకుందాం మామయ్యా" అన్నాను. "ఒక్క డబ్బాయే. నేను పక్కన కూర్చుంటాగా."

అత్తయ్య నా వైపు వింతగా చూసింది. మామయ్య మాత్రం చూడలేదు.

"నువ్వు సరిగ్గానే చెప్పావమ్మాయ్. తప్పు చెప్పలేదు. నల్లదారం చూసి పాతదన్నావు. ఈసారి ఇది చేశాను. రేపు ఇంకోటి చేస్తాను. నా చెయ్యి చేసేదానికి నీ నోటితో ఊఁ కొట్టించుకోలేను." కంచం ముందుకి జరిపి, "మజ్జిగ పోయి" అన్నారు.

పోశాను. కొంచెం కింద ఒలికింది.

"మరి పందులకి?" అన్నారు మా ఆయన.

"డబ్బాలు ఖాళీ అవుతాయిగా. గులకరాళ్ళు పోసి గడకి వేలాడదీసి, తాడు మంచె మీదికి లాగు. ఊపుతుంటే ఆ చప్పుడుకి పందులు పోతాయి. మా నాన్నకి తుపాకి రాకముందు అదేగా చేసింది."

"రెండూ కట్టేస్తావా?" అంది అత్తయ్య. "ఒకటన్నా నాకు నువ్వులకి—"

"తుపాకి మందు పోసిన డబ్బాలో నువ్వులు పోసుకుంటావా? తింటే చస్తాం."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా! అనవసరంగా నోరు పారేసుకున్నాను!"

మా ఆయనకి నవ్వొచ్చింది. పాప ఎందుకో తెలియకుండానే నవ్వింది. మామయ్య కూడా నవ్వబోయారు.

"ముందు ఒకటి కడదాం. చాలకపోతే రెండోది చూద్దాం" అన్నారు.

అని, మజ్జిగన్నంలో పెట్టిన చెయ్యి అలాగే ఉంచి నా వైపు తల ఎత్తారు.

"ఏది?"

మా ఆయనకి అర్థం కాలేదు. అత్తయ్యకి అర్థమైందేమో, పాపకి ముద్ద పెట్టడం ఆపింది. మామయ్య చెయ్యి కదల్లేదు. నేను గిన్నె కింద పెట్టాను.

"నల్లదారం, మామయ్యా" అన్నాను.

అప్పుడు అన్నం కలుపుకున్నారు.